ఆపరేషన్ బల్లపైనే రేడియేషనా, బయటినుంచి విడతలుగానా: నరాల దృష్ట్యా ఏది మేలు?

మలాశయ క్యాన్సర్ తిరగబెట్టినప్పుడు, లేదా పొత్తికడుపు వెనుక గోడను అంటుకొని సార్కోమా (కొవ్వు, కండ వంటి మెత్తని కణజాలంలో పుట్టే క్యాన్సర్) పెరిగినప్పుడు, శస్త్రచికిత్స జరుగుతుండగానే కణితి తీసిన చోట రేడియేషన్ ఇవ్వడం మేలా, బయటినుంచి ఇచ్చే రేడియేషన్‌నే మరికొన్ని విడతలు పొడిగించడం మేలా అని పాఠకులు తరచుగా అడుగుతున్నారు. ఎక్కువమంది భయం పేగుల గురించే. నా దృష్టిలో ఈ ప్రశ్నను తేల్చవలసినవి నరాలు. (సూది వేసేటప్పుడు ‘నరం దొరకలేదు’ అంటామే, ఆ రక్తనాళాలు కావు, స్పర్శను, కదలికను నడిపించే నరాలు.)

పేగులను పక్కకు జరిపి కిరణాలు ఇవ్వవచ్చు కనుక, వాటి వరకు ఆపరేషన్ బల్లదే పైచేయి. త్రికాస్థిని (వెన్నెముక అడుగున ఉండే ఎముకను) ఆనుకొని కాళ్లలోకి దిగే నరాలను మాత్రం అంత సులువుగా జరపలేరు. అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ 35 మంది సార్కోమా రోగులపై జరిపి 1993లో వెల్లడించిన పరీక్షలో, శస్త్రచికిత్స సమయంలో 20 గ్రే (గ్రే అంటే రేడియేషన్ మోతాదు కొలమానం) పొందినవారికి పేగుల బాధ తగ్గింది, అదే చోట కణితి తిరగబెట్టడమూ తగ్గింది. నరాల దెబ్బ మాత్రం పెరిగింది.

దీనికి మూలం విడతల్లో ఉంది. రోజుకు 1.8 నుంచి 2 గ్రే చొప్పున ఇస్తే, మరుసటి విడతలోగా నరం కొంత కోలుకుంటుంది. ఒకేసారి ఇచ్చే 15 గ్రే, వాడుకలో ఉన్న లెక్క ప్రకారం, 2 గ్రే విడతల్లో కణితికి సుమారు 31 గ్రేతో సమానమైతే, నరానికి 54తో సమానం. పెద్ద మోతాదుల వద్ద ఈ లెక్క ఉజ్జాయింపే అయినా, నరానికే ఎక్కువ దెబ్బ తగులుతుందన్నది స్పష్టం. పైగా ఆపరేషన్‌కు ముందే పొందిన 45–50 గ్రే దీనికి తోడవుతుంది. నెలలు గడిచాక సన్నని రక్తనాళాలు మూసుకుపోయి, నరం చుట్టూ కణజాలం మచ్చకట్టి, కాలిలో నొప్పి, తిమ్మిరి, పాదం పైకి లేవకపోవడం మొదలవుతాయి. అది క్యాన్సర్ తిరగబెట్టిన నొప్పి కాదని ఎమ్ఆర్ఐతో నిర్ధారించుకోవాలి. నొప్పికి గాబాపెంటిన్ వంటి మందులున్నాయి కానీ, పోయిన బలాన్ని తెచ్చే మందు లేదు.

తీసిన కణితి అంచులు శుభ్రంగా, అంటే క్యాన్సర్ కణాలు లేకుండా వస్తే 10–12.5 గ్రే, కంటికి కనబడని శేషం ఉంటే 12.5–15, కనబడే శేషం ఉంటే 15–20 ఇవ్వడం పరిపాటి. 12.5 గ్రే వరకైతే నా మొగ్గు ఆపరేషన్ బల్ల వైపే. అంతకు మించవలసి వచ్చి, నరం కిరణాల దారిలోనే ఉంటే, బయటినుంచి ఇంకా ఇవ్వగల వీలున్నవారికి విడతలే మేలు. ఇదివరకే పూర్తి మోతాదు పొందినవారికి ఆ వీలు దాదాపు ఉండదు. కణితి మళ్లీ పెరిగి అదే నరాన్ని నొక్కితే కలిగే బాధ ఇంకా తీవ్రం కనుక, వారి విషయంలో ఈ ముప్పును ఒప్పుకోవడమే సబబనిపిస్తుంది. కణితి తీసిన చోట సన్నని గొట్టాలు అమర్చి, వాటి ద్వారా కొన్ని రోజులపాటు రేడియేషన్ ఇచ్చే బ్రాకీథెరపీ కూడా ఉంది; అయితే గొట్టాలకు తాకి ఉన్న నరానికి నిర్ణయించిన దానికన్నా ఎక్కువే అందవచ్చు.

మోతాదు ఖరారయ్యేది రోగి మత్తులో ఉన్నప్పుడే కాబట్టి, నరాన్ని జరపలేకపోతే ఎన్ని గ్రే దగ్గర ఆపుతారన్నది సమ్మతి పత్రంపై సంతకానికి ముందే వైద్యులతో మాట్లాడుకోవాలి.