థామస్ రైలు: పాత బొమ్మలా, కొత్త యానిమేషనా?

1984లో మొదలైన పిల్లల టీవీ షో ‘థామస్ అండ్ ఫ్రెండ్స్’లో నిజంగా పట్టాల మీద నడిచే బొమ్మ రైళ్లుండేవి. కళ్లు మాత్రమే అటూ ఇటూ తిరిగేవి. ముఖంలో భావం మారాలంటే ముఖాన్నే మార్చేవారు. అయినా ఆ పొగ, ఆ మసి, ఆ బరువు చూస్తే ఇంజిన్‌కి ప్రాణం ఉందనిపిస్తుంది. బండి ఆగకుండా దూసుకుపోతుంటే నాకు ఇప్పటికీ టెన్షనే.

2021లో అదే థామస్ కథలకి కొత్త రూపంగా వచ్చిన ‘ఆల్ ఇంజిన్స్ గో’ 2డి యానిమేషన్. ఇందులో ఇంజిన్లు గెంతుతాయి, ఒళ్లు వంచుతాయి. నాకు నచ్చనిది ఇదే. పట్టా తప్పుతుందేమోనన్న భయమే పాత కథలకు ప్రాణం. గెంతే రైలుకి ఆ భయం ఎక్కడిది? థామస్ కూడా మరీ చిన్నపిల్లాడైపోయాడు. పాటలు మాత్రం హుషారుగా ఉన్నాయి, బుజ్జి పిల్లలు చిందులేస్తారు. అది కాదనను.

కొత్తగా చూసే పిల్లలకైతే నేను ముందు పాతవే పెడతాను.