తాంజిరో కాస్‌ప్లే "ఫుల్ సెట్" కొనేముందు ఇది చదవండి, నాకు 3,049 పోయాయి

మొదటిసారి కాస్‌ప్లే, అంటే సినిమా, కామిక్ పాత్రల వేషం, వేద్దామనుకుని, ఇన్‌స్టాలో ఏదో పేజీకి డబ్బులు వెయ్యబోతున్నవాళ్ళు ఒక్క ఐదు నిమిషాలు ఆగండి. నాకు 3,049 రూపాయలు పోయాయి. ఆ తర్వాత అంతకంటే పెద్ద దెబ్బ తగలబోయి తప్పింది. పేజీ పేరు మాత్రం రాయడం లేదు. రాసినా మీకు పనికిరాదు, ఎందుకో చివర్లో చెప్తాను.

2025 సెప్టెంబరులో డీమన్ స్లేయర్ అనే జపాన్ యానిమేషన్ సినిమా తెలుగు డబ్బింగ్‌తో కూడా థియేటర్లకి వచ్చింది కదా. అది చూసొచ్చిన ఊపులో మేం నలుగురం హైదరాబాద్ కామిక్ కాన్‌కి (కామిక్స్, అనిమే అభిమానుల మేళా) వేషాలు వేసుకుని వెళ్దాం అనుకున్నాం. నేను ఆ సినిమా హీరో తాంజిరోని ఎంచుకున్నాను. నిజం చెప్పాలంటే బడ్జెట్ చూసే. కవచాలు లేవు, రెక్కలు లేవు. లోపల నల్ల షర్టు, నల్ల ప్యాంటు ఇంట్లోవే. పైన ఆకుపచ్చ, నలుపు గళ్ళ హావోరి (వదులుగా ఉండే జపాన్ పైకోటు), చెవులకి పొడుగాటి కమ్మలు, నుదుటి మీద మచ్చ, నల్ల కత్తి. దూరం నుంచి చూసినా ఎవరో తెలిసిపోతుంది.

ఇన్‌స్టాలో ఒక పేజీవాళ్ళు హావోరి, విగ్గు, కమ్మలు, కత్తి కలిపి 2,899, కొరియర్ 150 అన్నారు. క్యాష్ ఆన్ డెలివరీ లేదు, మొత్తం ముందే కట్టాలి. ఫొటోలో బట్ట మందంగా, మడత నిలబడేలా ఉంది. "సేమ్ ఇదే వస్తుందా?" అని అడిగితే "100% సేమ్ సిస్టర్" అని రిప్లై. ఫోన్‌పేలో కొట్టేశాను. నాది ఎంత తొందరో!

పదిహేడు రోజులకి పార్సెల్ వచ్చింది. విప్పగానే కొత్త రెయిన్‌కోటు వాసన. హావోరి బట్ట ఎంత పల్చగా ఉందంటే, అరచెయ్యి లోపల పెడితే గీతలు కనిపిస్తున్నాయి. గళ్ళు నేసినవి కావు, ఒక వైపే అచ్చు కొట్టారు. చెయ్యి ఎత్తితే లోపల తెల్లగా బయటపడుతోంది. ముందు గళ్ళు చతురస్రాలు, వీపు మీదకొచ్చేసరికి సాగిపోయి ఇటుకలు. మా అమ్మ పట్టుకుని చూసి, "ఏమే, మూడు వేలు పెట్టి లుంగీ గుడ్డ కొన్నావా?" అంది. లుంగీ గుడ్డ అయినా బాగుండేది, కనీసం నూలు కదా.

ఎక్సెల్ అని పంపింది నాకు భుజాల దగ్గర పట్టేసింది. ఈ సెట్లు చాలావరకు చైనా కొలతలతో వస్తాయి, అక్కడి ఎక్సెల్ మన ఎం, ఎల్‌కి దగ్గరగా ఉంటుంది. విగ్గు బార్బీ బొమ్మ జుట్టులా తళతళ. దువ్వి కొంచెం ముళ్ళలా నిలబెడదామని స్ట్రెయిట్‌నర్ పెట్టాను, ఒక పాయ కరిగి దానికే అతుక్కుంది. వేడి తట్టుకునే ఫైబర్ అయితేనే ఆ పని చెయ్యాలట, నాకప్పుడు తెలీదు. కమ్మలు కాగితానికి లామినేషన్. కత్తి అసలు లేనే లేదు.

ఆర్డర్ పెట్టేటప్పుడే "అన్‌బాక్సింగ్ వీడియో ఉంటేనే కంప్లైంట్ తీసుకుంటాం" అన్నారు. అందుకే మా చెల్లి చేత కట్ లేకుండా తీయించాను. పంపాను. "లేబుల్ క్లియర్‌గా లేదు" అన్నారు. లేబుల్ జూమ్ చేసి పంపాను. "మా పాలసీ నో రిటర్న్, నో రిఫండ్" అన్నారు. మూడోసారి మెసేజ్ పెట్టేసరికి బ్లాక్.

ఇక్కడ ఒక మాట. "నో రిటర్న్" అని రాసిపెట్టుకున్నంత మాత్రాన చెల్లదు. 2020లో వచ్చిన ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం, ప్రకటనలో చూపినట్టు లేని వస్తువుని వెనక్కి తీసుకోనని అమ్మినవాళ్ళు అనడానికి వీల్లేదు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేశాను, కంప్లైంట్ నంబర్ ఇచ్చారు. కానీ నా దగ్గర ఆ పేజీవాళ్ళ అడ్రస్ లేదు, జీఎస్టీ నంబర్ లేదు, బిల్లు లేదు. ఉన్నది ఒక యూపీఐ ఐడీ, అదీ ఎవరో మనిషి పేరు మీద. చట్టం ఉంది సరే, ఎవరి మీద పెట్టాలి? డబ్బు ఇప్పటికీ రాలేదు.

అసలు టెన్షన్ తర్వాత మొదలైంది. చెల్లి ఫోన్ నుంచి ఆ పేజీ పోస్టు కింద "ఇది మోసం" అని కామెంట్ పెట్టాను. పది నిమిషాల్లో అదే లోగోతో "సపోర్ట్ టీమ్" అని ఇంకో అకౌంట్. చాలా మర్యాద. "సారీ మేడమ్, మీ 3,049 ఇప్పుడే వేసేస్తాం, ఈ క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టండి, అమౌంట్ మీ అకౌంట్లో పడుతుంది." స్కాన్ చేశాను కూడా. స్క్రీన్ మీద 30,490 అని ఉంది, కింద "పే" బటన్. సున్నా ఎక్కువ పడిందేమో అనుకుంటుండగా పక్కన ఉన్న చెల్లి, "అక్కా, డబ్బులు రావడానికి పిన్ ఎందుకు?" అంది. అంతే. యూపీఐలో డబ్బు తీసుకోవడానికి పిన్ అక్కర్లేదు. పిన్ కొట్టామంటే మన ఖాతాలోంచి పోతున్నట్టే. ఒకవేళ కొట్టేసి ఉంటే ఆలస్యం చెయ్యకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యండి, ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆపే వీలు అంత ఎక్కువ.

తర్వాత ఆ పేజీలోని హావోరి ఫొటోని గూగుల్ లెన్స్‌లో (ఫొటోతో వెతికే యాప్) పెడితే అదే ఫొటో ఒక చైనా సైటులో, ఇంకో నాలుగైదు పేజీల్లో కనిపించింది. ఈ పని డబ్బు కట్టకముందు చెయ్యాల్సింది. కొనాలనే ఉంటే, ఆ రోజు తేదీ, మీ పేరు కాగితం మీద రాసి బట్ట పక్కన పెట్టి వీడియో తీసి పంపమనండి. నిజంగా సరుకు ఉన్నవాళ్ళకి అది రెండు నిమిషాల పని. సైజు ఎక్సెల్, ఎం అని కాకుండా భుజం ఎన్ని అంగుళాలు, పొడవు ఎన్ని అంగుళాలు అని అడగండి. నేను అడిగిన ఇంకో పేజీ వీడియో మాట ఎత్తగానే మాయమైంది, నాకు అదే జవాబు.

నన్ను ముంచిన పేజీయే నాకు "తాంజిరో కళ్ళకి" అని ఎర్ర లెన్సులు 499కి అంటగట్టబోయింది. ఒకటే సైజు, అందరికీ సరిపోతాయట. కంటికి ఫ్రీసైజ్ ఏంటి, అది నైటీనా? లెన్సులు కంటి డాక్టరు కొలత చూసి ఇవ్వాల్సినవి. సరిపడనివి, శుభ్రం లేనివి పెడితే కార్నియాకి (కంటి ముందుండే పారదర్శక పొర) పుండు పడొచ్చు. కావాలంటే ఫొటోలో ఎడిట్ చేసుకోండి.

చివరికి వేషం వేశాను, వేరే దారిలో. ఆకుపచ్చ నూలు గుడ్డ మూడు మీటర్లు 300. మా వీధి టైలర్ బాబాయ్ కత్తిరించి ఇస్తే, కుట్టకముందే మాస్కింగ్ టేపు అంటించి నల్ల ఫ్యాబ్రిక్ పెయింట్‌తో గళ్ళు వేశాను. టేపు, పెయింట్ 220, కుట్టుకూలి 350. కమ్మలకి ఫోమ్ షీటు, రంగులు 50. కత్తికి పీవీసీ పైపు, పాత యోగా మ్యాట్ ముక్క, స్ప్రే రంగు కలిపి 230. మొత్తం 1,150. టేపు సరిగ్గా అంటనిచోట రంగు పాకి రెండు గళ్ళు అలుక్కుపోయాయి, ఎవరూ గమనించలేదు. ఈ గళ్ళ డిజైను జపాన్‌లో వందల ఏళ్ళ నాటిది. డీమన్ స్లేయర్ కామిక్ ప్రచురణకర్తలు దీన్ని ట్రేడ్‌మార్క్ చేసుకుంటామని అడిగితే 2021లో అక్కడి పేటెంట్ ఆఫీసు కుదరదంది. కాబట్టి "ఒరిజినల్ ప్రింట్" అని ఎవరైనా రేటు పెంచితే నవ్వి ఊరుకోండి. ఇనుప కత్తి మాత్రం కొనకండి, కాన్ గేటు దగ్గరే ఆపేస్తారు.

పేజీ పేరు ఎందుకు రాయలేదంటే, నిన్నటికి వాళ్ళు పేరు మార్చేశారు. లోగో కొత్తది, రేటు 2,499, "లాస్ట్ 3 పీసెస్". ఫొటో మాత్రం అదే. తెల్ల గోడ ముందు అబ్బాయి నిలబడి ఉంటాడు, ఎడమ పక్క ఎర్రటి ఫైర్ సిలిండర్ సగం తెగి కనిపిస్తుంది. ఆ సిలిండర్ కనిపిస్తే ఫోన్ పక్కన పెట్టెయ్యండి.