కడపలో సురభి వారి ‘మాయాబజార్’: చూసిన నాటకం, ఆడినవారితో మాట్లాడిన మాటలు

సురభి వారి ‘మాయాబజార్’ను టికెట్టు కొని, ఇంటిల్లిపాదీ కలిసి వెళ్ళి చూడవలసిన నాటకమని నేను ఇప్పటికీ నిస్సంకోచంగా చెబుతాను. అయితే ఎందుకు చూడాలన్న ప్రశ్నకు చాలామంది ఇచ్చే జవాబుతో నాకు పూర్తి ఏకీభావం లేదు. ఆకాశం నుంచి దిగివచ్చే నారదుడి కోసం, గాలిలో ఎదురెదురుగా వచ్చి నిప్పురవ్వలు రాల్చే బాణాల కోసం, కళ్ళముందే మాయమయ్యే ఘటోత్కచుడి కోసం జనం వస్తారు. అవన్నీ ఉన్నాయి, బాగా ఉన్నాయి. కానీ తరాలు మారినా ఈ నాటకం పట్టు సడలకుండా నిలిచింది మాత్రం పాట వల్ల, పద్యం వల్ల, వాటిని ఒక నోటి నుంచి మరొక నోరు అందుకున్న పద్ధతి వల్ల. కడపలో ప్రదర్శన చూసి, మరునాడు ఉదయం సామాన్లు సర్దుకుంటున్న బృందంలోని పెద్దలతోనూ, హార్మోనియం వాయించినాయనతోనూ, తెరలూ తీగలూ చూసుకునేవారితోనూ కూర్చొని తీరిగ్గా మాట్లాడిన తరువాత ఈ అభిప్రాయం నాలో మరింత గట్టిపడింది.

ఈ నాటకాన్ని కడపలో చూడటానికి ఒక ప్రత్యేకత ఉంది. సురభి అన్నది మొదట ఒక ఊరి పేరు. ఆ ఊరు ఈ జిల్లాలోనే చక్రాయపేట మండలంలో ఉంది. మహారాష్ట్ర ప్రాంతం నుంచి తరలివచ్చి, తోలుబొమ్మలాటతో ఊరూరా తిరిగి జీవించిన కుటుంబాలవారు 1885లో ఆ ఊళ్ళో ఒక పెళ్ళి సందర్భంగా బొమ్మలను పక్కన పెట్టి, తామే వేషాలు కట్టి ‘కీచక వధ’ ఆడారు. వనారస గోవిందరావు పేరుతో ముడిపడిన ఆ ప్రదర్శన నుంచే ఒక కుటుంబం అనేక కుటుంబాలుగా, ఒక సమాజం ముప్పైకి పైగా సమాజాలుగా విస్తరించి తెలుగు నేలంతా తిరిగింది. ఇప్పుడు వాటిలో కొన్ని మాత్రమే మిగిలాయి. 1937లో మొదలై నేడు హైదరాబాదులోని లింగంపల్లి కేంద్రంగా ఉన్న శ్రీ వెంకటేశ్వర నాట్యమండలి వాటిలో బాగా తెలిసినది. దానిని నడిపిన రేకందార్ నాగేశ్వరరావు గారికి 2013లో పద్మశ్రీ పురస్కారం లభించింది. అదే సంవత్సరం సురభి నాటకాలు పారిస్‌లో కూడా ప్రదర్శితమయ్యాయి. పారిస్ దాకా వెళ్ళిన కళ తన పుట్టిన జిల్లాకు వచ్చినప్పుడు మనం చూపవలసిన ఆదరణ గురించి నాకు ప్రత్యేకమైన పట్టింపు ఉంది. దానిని దాచుకోవలసిన అవసరం కనిపించలేదు.

తోలుబొమ్మలాట నుంచి వచ్చారన్న సంగతి చరిత్ర కోసం చెప్పుకునే ముచ్చట మాత్రమే కాదు, ఈ నాటకం తీరును అర్థం చేసుకోవడానికి అదే తాళంచెవి. బొమ్మలాటలో తెర వెనుక నిలిచిన మనిషే పాట పాడతాడు, మాట చెబుతాడు, ఆ మాటకు తగినట్టు బొమ్మ చేతిని కదిలిస్తాడు, కాలితో తాళం వేస్తాడు. పాట ఒకచోట, కదలిక ఒకచోట ఉండే వీలు అక్కడ లేదు. ‘మాయాబజార్’లో ట్రిక్కు సీన్లను గమనించినప్పుడు ఆ పద్ధతే ఇక్కడా సాగుతున్నదని తెలుస్తుంది. ప్రేక్షకుడు తీగ కనబడుతుందేమోనని చూస్తాడు. నిజానికి వెనుక తెర ముదురు రంగులో ఉండటం, దీపం పక్క నుంచి పడటం, మన చూపు పాత్రధారి ముఖం మీదనే ఉండేలా ఆ క్షణానికి ఒక పాటనో పద్యాన్నో అమర్చడం, ఈ మూడూ కలిస్తేనే తీగ కనుమరుగవుతుంది. తీగ లాగేవారు రంగస్థలం వైపు చూసి కాక, తబలా దెబ్బ విని లాగుతారని వారు చెప్పినప్పుడు, ముందురోజు రాత్రి నారదుడు దిగివచ్చిన తీరు నాకు మళ్ళీ గుర్తుకు వచ్చింది. పల్లవి చివరి అక్షరం పూర్తయ్యేసరికి ఆయన పాదం సరిగ్గా నేలను తాకింది. గాయకుడు ఉత్సాహంలో ఆలాపనను ఒక ఆవృత్తం పెంచితే వెనుక ఉన్న చేతులు కూడా అంతసేపూ బరువును ఆపి పట్టుకోవలసిందే. అందువల్ల ఈ నాటకంలో ఇంద్రజాలం వేరు, సంగీతం వేరు అని విడదీసి మెచ్చుకోవడం కుదరదు.

తెరల విషయమూ అంతే. దర్బారు, అంతఃపురం, వీధి, అడవి ఒకదాని వెనుక ఒకటిగా వేలాడుతూ ఉంటాయి. ద్వారక నుంచి అడవికి వెళ్ళడానికి ఒక ఊపిరి తీసుకున్నంత సమయం కూడా పట్టదు. దూరం నుంచి చూస్తే స్తంభాల మధ్య నిజమైన లోతు ఉన్నట్టే అనిపిస్తుంది. ఉదయం ఆ తెరలను మడత పెడుతుండగా దగ్గరగా చూశాను. కొన్నిచోట్ల రంగు మీద రంగు వేసి సరిచేసిన గుర్తులు, అంచుల వెంట కొత్త కుట్లు కనబడ్డాయి. కొత్తవి రాయించడం కంటే పాతవాటిని బాగుచేసుకోవడానికే వారు ఇష్టపడతారట. పాత తెర మీది గీతలు ఏ దీపానికి ఎలా పలుకుతాయో చేతులకు తెలిసి ఉంటుందని కారణం చెప్పారు.

కథ గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. వ్యాస భారతంలో లేని ఈ శశిరేఖా పరిణయాన్ని తెలుగువారు తమ కథగా చేసుకొని చాలాకాలమైంది. 1957 నాటి సినిమా తరువాత ప్రతి ప్రేక్షకుడూ ఆ జ్ఞాపకంతోనే హాలులోకి వస్తాడు కనుక, బృందం మీద పడే భారం చిన్నది కాదు. సినిమాను అనుకరించబోతే నాటకం ఓడిపోతుంది. వీరు ఆ పని చేయలేదు. బలరాముడి కోపాన్ని, రేవతి పంతాన్ని, సుభద్ర అభిమానాన్ని నాటకానికి తగిన పెద్ద గీతలతో, మాటకు మాట అందిస్తూ నడిపారు. ముఖ్యంగా పుట్టింటివారు మాట తప్పినప్పుడు సుభద్ర పాడిన పద్యం ఆ రాత్రి మొత్తానికీ ఉన్నతమైన ఘట్టమని నా అభిప్రాయం. ఆ నటి గొంతులో తీపి తక్కువే, కానీ ప్రతి పాదం చివర అర్థం తెగకుండా విరుపు ఇవ్వడం ఆమెకు బాగా తెలుసు. రాగం కోసం మాటను మింగడం ఒక్కసారి కూడా జరగలేదు. ఘటోత్కచుడి వేషధారి దీనికి భిన్నం. ఆయనకు శరీరమూ, నవ్వూ, నడకా పుష్కలంగా ఉన్నాయి గాని పై స్థాయికి వెళ్ళేసరికి పద్యంలోని అక్షరాలు ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. లక్ష్మణకుమారుడి హాస్యం పిల్లలను బాగా నవ్వించింది. నాకు కొంచెం సాగదీసినట్టు తోచింది.

ఈ నాటకానికి దర్శకుడెవరని అడిగితే వారి నుంచి ఒక్క పేరు వినబడలేదు. తాతలు ఇలా నిలబడేవారు, అత్త ఇక్కడ ఇలా తిరిగేది, పెదనాన్న ఈ పద్యాన్ని ఇక్కడి నుంచి ఎత్తుకునేవాడు అన్న మాటలే వినిపించాయి. ఒకే మనిషి ఒకే నాటకంలో వయసును బట్టి వేషాలు మారుతూ వెళ్ళడం ఈ కుటుంబాలలో మామూలు విషయం. చిన్నప్పుడు బాలపాత్ర, మీసం వచ్చాక అభిమన్యుడు, ఒళ్ళు నిండాక ఘటోత్కచుడు, జుట్టు నెరిశాక బలరాముడు, మోకాళ్ళు సహకరించనప్పుడు తెర వెనుక తీగల దగ్గర స్థానం. ఈ క్రమంలో వచ్చిన వ్యక్తికి నాటకంలోని అన్ని వేషాల మాటలూ నోటికి వస్తాయి. ఎవరికైనా జ్వరం వస్తే ఆ సాయంత్రానికి మరొకరు రంగు వేసుకొని నిలబడగలరు. రాతప్రతి కంటే ఈ జ్ఞాపకమే వారికి గట్టి ఆధారం. బయట చాలాకాలం స్త్రీ పాత్రలను పురుషులే ధరించిన రోజులలో సురభి స్త్రీలు తమ పాత్రలను తామే ధరించగలగడానికి కూడా నాటకం వారికి ఇంటి పని కావడమే కారణం. తొలి తెలుగు టాకీ అయిన 1932 నాటి ‘భక్త ప్రహ్లాద’లో లీలావతిగా నటించిన కమలాబాయి కూడా సురభి నుంచి వచ్చినవారే.

సంగీతం గురించి నా అసంతృప్తిని కూడా చెప్పాలి. ఒకప్పుడు రాత్రి పొడవునా సాగిన నాటకం ఇప్పుడు సుమారు రెండు గంటలకు కుదించబడింది, ఆ కుదింపు భారమంతా పద్యాల మీదనే పడింది. ట్రిక్కు సీను ఒక్కదానిని కూడా తీసివేయలేదు. కృష్ణుడి పద్యాలు ఎత్తుకున్నంతలోనే ముగిశాయి. హార్మోనియం మీద రాగం నిలదొక్కుకొనేలోగా సంభాషణ మొదలైంది. దీనికి వారి సమాధానం సూటిగానే ఉంది: నగరాలలో పద్యం సాగితే జనం ఫోన్లు తీస్తున్నారట, బాణాలు ఎగిరితే ఆ ఫోన్లతోనే చిత్రం తీస్తున్నారట. ఆ బాధ నాకు అర్థమైంది. అయినా ఇది రాయలసీమ. కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల పల్లెలలో తిరునాళ్ళ రాత్రి హార్మోనియం మోగితే తెల్లవారేదాకా కూర్చొని, నచ్చిన పద్యానికి వన్స్‌మోర్ కొట్టే శ్రోతలు ఇప్పటికీ ఉన్నారు. తెలుగు నాటకంలో పాటకు, పద్యానికి గట్టి పీట వేసిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు మన ఉమ్మడి అనంతపురం జిల్లా ధర్మవరంవారే. అదే జిల్లా తాడిపత్రిలో 1880లో పుట్టిన బళ్ళారి రాఘవ, పద్యాన్ని రాగాలు తీసి సాగదీస్తే నటన చచ్చిపోతుందని నమ్మినవారు. అంటే పద్యం ఎంత పాడాలి, ఎక్కడ ఆపాలి అన్న వాదం మన ప్రాంతంలో ఒక శతాబ్దంగా సాగుతున్నదే. నేను రాఘవ గారి పక్షానికి కొంత దగ్గరగా ఉండేవాణ్ణి. సుభద్ర పద్యం విన్న తరువాత, భావం చెడకుండా పాడగలవారి చేత ఇంకొంచెం పాడించాలని గట్టిగా కోరుకుంటున్నాను. నగరాల కోసం కుదించిన ప్రతిని మన జిల్లాలకు తీసుకురావలసిన పని లేదు. మన దగ్గరకు వచ్చినప్పుడైనా మరొక అరగంట పద్యానికి కేటాయించాలని వారిని కోరాను. శ్రోతలు కోరితే తప్పక పాడతామని పెద్దాయన అన్నారు. కనుక కోరవలసిన బాధ్యత మనది.

హార్మోనియంతో పాటు కీబోర్డును వాడటం గురించి అభ్యంతరం చెప్పేవారు ఉన్నారు. యుద్ధ ఘట్టాలలో, మెరుపులు మెరిసేటప్పుడు అది ఉపయోగపడింది. పద్యం పాడేటప్పుడు మాత్రం దానిని పూర్తిగా ఆపివేస్తే మంచిది, ఎందుకంటే గాయకుడి శ్వాసను అనుసరించి నిలిచే గుణం హార్మోనియం తిత్తికి ఉంది. ఇంకొక లోపం బృందానిది కాదు, హాలుది. మైకులు ముందు వరుసలో ఉన్న పాత్రలను మాత్రమే అందుకున్నాయి, వెనుక నుంచి వచ్చే మాటలు సగం వినబడలేదు; పై కప్పు ఎత్తు చాలక ఘటోత్కచుడు ఎగిరే దృశ్యాన్ని వారు తగ్గించుకోవలసి వచ్చింది. హాలు ఎంచుకొనే నిర్వాహకులు వేదిక లోతును, పైకప్పును ముందుగా ఈ బృందానికి చూపించడం అవసరం.

మార్పు అంటే వీరికి భయమని అనుకోవడం పొరపాటు. 1990లలో ప్రసిద్ధ కన్నడ రంగస్థల దర్శకుడు బి.వి. కారంత్ సురభివారితో కలిసి పనిచేసి, పౌరాణికాలకు పూర్తిగా భిన్నమైన కథలను కూడా వారిచేత ఆడించారు. ఆ అనుభవాన్ని పెద్దలు గౌరవంతో గుర్తు చేసుకొన్నారు. అయినా ఊళ్ళు మళ్ళీ మళ్ళీ అడిగేది ‘మాయాబజార్’నే కాబట్టి, దానిని ఆడుతూనే పిల్లలకు పని నేర్పుతున్నారు. ఆ పిల్లలు బడికి వెళుతున్నారు, కొందరు ఉద్యోగాలకు వెళతారు. వెళ్ళినవారు సెలవు రోజుల ప్రదర్శనలకు తిరిగివచ్చి వేషం కడుతున్నారని విని సంతోషం కలిగింది.

చూడదలచినవారికి నా సలహా ఇది. మొదటి వరుసల కోసం పోటీ పడవద్దు. అక్కడ తీగలు కనబడతాయి, మేకప్పు కనబడుతుంది, తెరల లోతు మాత్రం కనబడదు. హాలు మధ్యలో, వేదికకు సరిగ్గా ఎదురుగా కూర్చుంటే అన్నీ అమరుతాయి. పిల్లలను తప్పక తీసుకువెళ్ళండి, కథను ముందుగా రెండు మాటల్లో చెప్పి తీసుకువెళ్ళండి. ఆలస్యంగా వెళితే నారదుడి రాక పోతుంది, అది పోగొట్టుకోదగినది కాదు. సుభద్ర పద్యం అయ్యాక నచ్చితే గొంతెత్తి వన్స్‌మోర్ అనండి, వారు పాడతారు.