ఫ్యాన్‌లెస్ మినీ పీసీ మూత చల్లగా ఉందా? అదే అనుమానించాల్సిన సంగతి

వాయిస్ రికార్డింగ్ గదికోసం ఫ్యాన్ లేని మినీ పీసీ చూస్తున్నవాళ్లకి ఒక జాగ్రత్త. "గంటసేపు వాడినా పైన చల్లగానే ఉంటుంది" అని అమ్మేవాళ్లు గొప్పగా చెప్తే అక్కడే ఆగండి. ఈ పెట్టెల్లో మూతే హీట్‌సింక్, అంటే ప్రాసెసర్ వేడిని లాగి గాలిలోకి వదిలే లోహం. లోపల ప్రాసెసర్ 95 డిగ్రీల్లో ఉడుకుతుంటే మూత గోరువెచ్చగా ఉందంటే, వేడి బయటికి రావట్లేదన్నమాటే.

అసలు తిరకాసు ప్రాసెసర్‌కీ మూతకీ మధ్య ఉన్న సందులో ఉంటుంది. అక్కడ రాగి దిమ్మ, పలచగా థర్మల్ పేస్ట్ (వేడిని దాటించే ముద్ద) ఉండాలి. చౌక పెట్టెల్లో 2 మిల్లీమీటర్ల మందం థర్మల్ ప్యాడ్ (రబ్బరులాంటి మెత్తటి పట్టీ) అతికించి వదిలేస్తారు. డై (ప్రాసెసర్‌లోని అసలు సిలికాన్ ముక్క) ఒక చదరపు సెంటీమీటరు, ప్యాడ్ ఉష్ణవాహకత మీటరుకి, డిగ్రీకి 3 వాట్లు అనుకుని లెక్కేస్తే (ప్యాకెట్ మీద 12 అని రాసి ఉన్నా సరే) 10 వాట్లకి ఆ ప్యాడ్ దగ్గరే 67 డిగ్రీల తేడా. అదే 0.05 మిల్లీమీటర్ల పేస్ట్ పొరైతే ఒకట్రెండు డిగ్రీలే.

రెండో మోసం వాట్లలో. ఇంటెల్ ఎన్100 ప్రాసెసర్ అంటే కాగితం మీద 6 వాట్లు, కానీ బయాస్‌లో (పీసీ మొదటి సెట్టింగుల్లో) పీఎల్1ని, అంటే ప్రాసెసర్ ఎక్కువసేపు వాడుకోగల వాట్ల పరిమితిని, 15 దాకా, ఇంకా పైకీ పెంచి పంపేవాళ్లున్నారు. 13 సెంటీమీటర్ల చదరం, 5 ఎత్తున్న నున్నటి పెట్టె గాలిలోకి వదలగలిగేది, గదికన్నా వేడెక్కిన ప్రతి డిగ్రీకి 0.4 వాట్లకి కాస్త పైన. అంటే 10 వాట్లకే మూత గదికన్నా 23 డిగ్రీలు ఎక్కువ. మే నెలలో ఏసీ ఆపి రికార్డ్ చేస్తే గది 38, మూత 61. ఇది మంచి పెట్టె సంగతి, చెయ్యి ఆనదు, కంగారొద్దు. పీఎల్1ని 8-10 మధ్యకి దించుకుంటే చాలు, వాయిస్ ఎడిటింగ్‌కి తేడా తెలియదు.

పెట్టెకి హీట్‌సింక్ రెక్కలుంటే వాటి మధ్య ఎడం కూడా చూడండి. 2-3 మిల్లీమీటర్ల ఎడం ఫ్యాన్ ఉన్నవాటికి. ఫ్యాన్ లేకపోతే గాలి దానంతటది పైకి లేవాలి, 6-8 ఉండాలి, రెక్కలు నిలువుగా ఉండాలి. తళతళలాడే వెండి రంగు అల్యూమినియం కంటే నల్ల ఆనోడైజ్డ్ (ఆక్సైడ్ పూత వేసినది) మేలు.

పెట్టె రాగానే, వాపసు గడువు దాటకముందే పరీక్షించండి. ఐదు నిమిషాల పరీక్ష దండగ, ఆ కాసేపూ లోహమే వేడిని తాగేస్తుంది. గంటసేపు పూర్తి లోడ్ ఇచ్చి హెచ్‌డబ్ల్యూఇన్ఫో (HWiNFO) అనే సాఫ్ట్‌వేర్‌లో కోర్ (ప్రాసెసర్) వేడి, వాట్లు రెండూ చూడండి. వంటింటి ప్రోబ్ థర్మామీటర్‌తో మూత వేడి కొలవండి. 10 వాట్ల దగ్గర కోర్‌కీ మూతకీ తేడా 20-25 అయితే సరే. 40 దాటితే, లేదా వాట్లు వాటంతటవే 5కి పడిపోతుంటే వెనక్కి పంపేయండి. విప్పి ప్యాడ్ బదులు రాగి షిమ్ (పలచటి రేకు) పెట్టుకోవచ్చు గానీ వారంటీ పోతుంది, బిగింపు ఎక్కువైతే డై మూల చిట్లుతుంది.

చివరగా, రాత్రి సీలింగ్ ఫ్యాన్ కూడా ఆపి చెవి దగ్గర పెట్టి వినండి. ఫ్యాన్ హోరు లేనప్పుడే కాయిల్ కీచుదనం (కరెంటు పారేటప్పుడు లోపలి తీగచుట్టలు చేసే సన్నటి కీచు) బయటపడుతుంది. అడాప్టర్‌ది అయితే అదే వోల్టేజీ, అంతే ఆంపియర్లున్న వేరేది మార్చి చూడండి. బోర్డుదైతే ఏ హీట్‌సింకూ దాన్ని తగ్గించలేదు.