ఆంక్షలా, షరతుల సాయమా, కూటమిలో చోటా: ప్రజాస్వామ్యం కోసం పరదేశాల్లో పెట్టే ఖర్చులో ఏది మేలు?

ప్రజాస్వామ్యాన్ని నమ్మే దేశం బయట డబ్బు పెట్టేటప్పుడు కూడా ఆ నమ్మకానికి కట్టుబడాలి. ఇందులో పెద్దగా పేచీ లేదు, పేచీ అంతా ఎలాగన్న దగ్గరే. నిరంకుశ ప్రభుత్వంతో వ్యాపారం తెంచుకోవాలా? సాయం చేస్తూనే షరతులు పెట్టాలా? బాగుపడితే మా కూటమిలోకి రండి అని ఆశ చూపాలా?

వీటిని పోల్చేవాళ్లు చాలామంది ఒకే మాట అడుగుతారు: అవతలి దేశం మారిందా, లేదా? నా ఉద్దేశంలో ఆ ప్రశ్నలో రెండు వేర్వేరు పనులు కలగాపులగం అయ్యాయి. అవతలి దేశాన్ని మార్చడం ఒకటి. మన డబ్బు, మన తుపాకీ అక్కడి జనం మీదికి పోకుండా చూసుకోవడం ఇంకొకటి. మొదటిది మన చేతిలో సగం కూడా లేదు. రెండోది పూర్తిగా మన చేతిలోదే.

ముందు ఆంక్షలు చూద్దాం. అవి ఫలించాయనడానికి అందరూ చూపేది నల్లజాతివాళ్లకు ఓటు లేని వర్ణవివక్ష పాలన నాటి దక్షిణాఫ్రికానే. 1946లోనే భారత్ ఆ దేశంతో వ్యాపారం ఆపేసింది. పెద్ద దేశాలు గట్టిగా కదలడానికి మరో నలభై ఏళ్లు పట్టింది. 1985లో అమెరికాకు చెందిన ఛేజ్ మాన్‌హటన్ బ్యాంకు దక్షిణాఫ్రికాకిచ్చిన అప్పుల గడువు పొడిగించనంది. 1986లో అమెరికా కాంగ్రెస్ అధ్యక్షుడు రీగన్ వీటోను తోసిపుచ్చి ఆంక్షల చట్టం చేసింది. 1994లో అన్ని జాతులవాళ్లూ ఓటేసిన ఎన్నికలు జరిగాయి. ఈ కథ చెప్పేవాళ్లు రెండు సంగతులు వదిలేస్తుంటారు. ఆంక్షలు కావాలని అడిగింది నల్లజాతివాళ్ల హక్కుల కోసం పోరాడిన ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్ (ఏఎన్‌సీ), అంటే ఆ బాధ తామూ పడబోయేవాళ్లే. పైగా దక్షిణాఫ్రికా పాలకులు తెల్లవాళ్ల ఓట్లకైనా జవాబు చెప్పుకోవాలి. జేబుకు చిల్లుపడ్డ ఆ ఓటర్లలో వందకు 68 మందికి పైగా 1992 రిఫరెండంలో సంస్కరణలకు ఔనన్నారు. ఆంక్షల వల్లే అన్నారని చెప్పలేం గానీ, వాటి బరువు వాళ్ల మీద ఉన్న మాట నిజం.

ఇరాక్‌లో అలాంటి ఓటరే లేడు. 1990 ఆగస్టులో మొదలైన ఆంక్షల కింద తిండికీ మందులకూ అల్లాడింది మామూలు జనం. చమురు అమ్మి ఆహారం కొనుక్కునే పథకం 1996 చివర్లో గానీ మొదలు కాలేదు. సద్దాం కుర్చీ మాత్రం అలాగే ఉంది. క్యూబా మీద అమెరికా ఆంక్షలకు 1962 నుంచి లెక్క వేసుకోవచ్చు. పాలకుణ్ని నిలదీయగల వర్గానికి నొప్పి చేరని చోట, దేశమంతటి మీద వేసే ఆంక్షలు విలువల పేరుతో పేదవాడి మీద వేసే పన్నే.

షరతుల సాయం కాగితం మీద అన్నిటికన్నా తెలివైన దారిలా కనిపిస్తుంది. ఆచరణలో దాని గతేమిటో ఈజిప్టును చూస్తే తెలుస్తుంది. ఎన్నికైన ప్రభుత్వాన్ని సైన్యం కూల్చితే సాయం ఆపాలని అమెరికా చట్టం చెబుతోంది. 2013 జులైలో జనరల్ సీసీ, ఎన్నికైన అధ్యక్షుడు మోర్సీని దింపేశాడు. అప్పుడు వాషింగ్టన్ ఏం చేసింది? అది సైనిక తిరుగుబాటు అవునో కాదో తేల్చాల్సిన బాధ్యత చట్టం తమ మీద పెట్టలేదంది! కొన్ని విమానాలు, హెలికాప్టర్లు కొంతకాలం ఆపి, 2015 నాటికి మళ్లీ వదిలింది. ఈజిప్టుకు ఏటా అందే 130 కోట్ల డాలర్ల సైనిక సాయంలో కొంత భాగానికి మానవ హక్కుల షరతులు ఉన్నాయి. వాటిని పక్కన పెట్టే వీలూ అదే చట్టంలో ఉంది. 2024లో మొత్తం సొమ్మూ విడుదలైంది. సూయజ్ కాలువ, ఇజ్రాయెల్‌తో ఒప్పందం, గాజా మధ్యవర్తిత్వం ఒకవైపు ఉంటే, జైళ్లలోని రాజకీయ ఖైదీలు రెండోవైపు తూగలేదు. మినహాయింపు ఉన్న షరతును అవతలివాడు షరతుగా లెక్కచేయడు.

షరతు నిలబడ్డ చోట్లూ లేకపోలేదు. అమెరికాదే అయిన సాయం సంస్థ మిలీనియం ఛాలెంజ్ కార్పొరేషన్, 2012లో పశ్చిమాఫ్రికా దేశం మాలిలో సైన్యం అధికారం లాక్కున్నాక, 46 కోట్ల డాలర్ల ఒప్పందాన్ని గడువుకు ముందే ముగించేసింది. మాలి మారలేదు, ఆ తర్వాత కూడా అక్కడ తిరుగుబాట్లు జరిగాయి. కానీ నేను చెప్పిన రెండో పని మాత్రం జరిగింది.

దేశాన్ని నిజంగా మార్చే పనిలో నేను ఎక్కువ మార్కులు వేసేది కూటమిలో చోటుకే. స్లొవేకియాలో ప్రధాని మెచియార్ ప్రతిపక్షాన్నీ పత్రికలనూ అణగదొక్కుతుంటే, 1997లో ఐరోపా యూనియన్ పాలనా విభాగమైన ఐరోపా కమిషన్, రాజకీయ ప్రమాణాలు అందుకోలేదంటూ యూనియన్‌లో చేరతామన్న దరఖాస్తుదారుల్లో ఆ ఒక్క దేశాన్నే తప్పుపట్టింది. పక్కనున్న చెక్ దేశం, పోలండ్, హంగరీ ముందుకెళ్లాయి. మనమొక్కళ్లమే మిగిలిపోయామన్న ఉక్రోషం అక్కడి ఓటర్లలో పుట్టింది. స్వచ్ఛంద సంస్థలు ఓటింగు పెంచే ప్రచారానికి దిగాయి. 1998లో మెచియార్ పార్టీకే ఎక్కువ ఓట్లు వచ్చినా జత కలిసేవాళ్లు చాలక ప్రభుత్వం చేజారింది. 2004లో స్లొవేకియా ఐరోపా యూనియన్‌లో చేరింది. బయటివాళ్లు ఎవరినీ దింపలేదు. తలుపు తెరిచి ఉందని చెప్పారు, నిర్ణయం ఓటరు తీసుకున్నాడు.

అయితే తలుపు దాటాక? హంగరీ కూడా 2004లోనే చేరింది. 2010 నుంచి ప్రధాని ఓర్బాన్ కోర్టులనూ మీడియానూ గుప్పిట్లోకి తెచ్చుకుంటుంటే, 2022 డిసెంబరులో ఐరోపా యూనియన్ 630 కోట్ల యూరోలు స్తంభింపజేసింది. ఏడాది తిరక్కుండానే వేరే పద్దులోని సుమారు 1,020 కోట్ల యూరోలకు కమిషన్ దారి తెరిచింది. ఆ మర్నాడే ఉక్రెయిన్ చేరిక చర్చలపై శిఖరాగ్ర సమావేశం. నిర్ణయం వేళ ఓర్బాన్ గదిలోంచి బయటికి వెళ్లి అడ్డు తొలగించాడు. న్యాయ సంస్కరణలు చూసే ఇచ్చామని కమిషన్ చెప్పుకుంది. ఐరోపా పార్లమెంటు ఆ మాట నమ్మలేదు, కోర్టుకెక్కింది. ఇంకో చిక్కు కూడా ఉంది: ఇవ్వడానికి సభ్యత్వమంటూ ఉన్నవాళ్లు లోకంలో కొద్దిమందే.

కాబట్టి చేతిలో కూటమి ఉన్నవాళ్లు దాన్నే వాడాలి. అది లేని దేశం, అంటే దాదాపు ప్రతి దేశం, అవతలివాళ్లను మార్చే ప్రణాళికల కన్నా ముందు తన ఆయుధాల చిట్టా చూసుకోవడం మేలు. దీనికి నాకు నచ్చిన నమూనా అమెరికాలో 1997 నాటి లీహీ చట్టం. దేశం మొత్తాన్ని శిక్షించకుండా, ఘోరమైన హక్కుల ఉల్లంఘనలకు పాల్పడిన సైనిక, పోలీసు దళానికి మాత్రమే సాయం ఆపమంటుంది. బాధ్యులను అక్కడి ప్రభుత్వం శిక్షించే దారిలో ఉంటే తిరిగి ఇవ్వవచ్చు. మిత్రదేశాల విషయంలో దీన్నీ చూసీచూడనట్టు వదిలేస్తారన్న విమర్శ ఉంది, అది న్యాయమైనదే. అయినా ఎవరిని, ఎందుకు, ఎంతవరకు అన్న మూడింటికీ జవాబున్న షరతు ఇదొక్కటే కనిపిస్తోంది.

మనం అమ్మకపోతే ఇంకొకరు అమ్ముతారంటారు. నిజమే, అమెరికా సరఫరాలు ఆగి ఉన్నప్పుడే, 2015 ఫిబ్రవరిలో, ఈజిప్టు ఫ్రాన్స్ నుంచి 24 రఫేల్ విమానాలు కొనుక్కుంది. ఈజిప్టును మార్చడం కోసమే సరఫరా ఆపి ఉంటే, అది ఓటమే. మన సొమ్ముతో కొన్న తుపాకీ అక్కడి పౌరుల మీదికి తిరగకూడదని ఆపి ఉంటే, ఫ్రాన్స్ ఎన్ని విమానాలు అమ్మినా ఆ లెక్క ఫ్రాన్స్ ఓటర్లు తేల్చుకోవాల్సిందే.