పొల్లు ఎగ్గొట్టిన కీబోర్డు: పాతికేళ్ళ వాడకం తర్వాత

2000లో సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ల బజారులో అసెంబుల్ చేయించిన మా ఇంటి మొదటి కంప్యూటర్‌లో ఇంకా బతికున్నది కీబోర్డు ఒక్కటే. బల్లంతా ఆక్రమించిన మానిటర్, సెలెరాన్ డబ్బా, ఫ్లాపీ డ్రైవు ఏనాడో పాత సామాను బండెక్కాయి. ఆయుధపూజకి నాన్న పెట్టిన కుంకుమ మాత్రం దీని కుడిమూల సందులో ఇంకా ఎర్రగానే ఉంది.

ప్రతి మీట కిందా విడిగా ఒక నీలం స్విచ్చుండే మెకానికల్ కీబోర్డు. అప్పట్లో బ్యాంకు కౌంటర్లలో, డీటీపీ షాపుల్లో ఈ రకానివే టకటకలాడేవి. మామూలు దానికి నాలుగైదు రెట్లు ధర. "ఎందుకు సార్ దండగ" అని షాపతనే అన్నాడు. నాకు ఆ చప్పుడే కావాలి. అమ్మ వంటింట్లోంచి "పేలాలు వేయిస్తున్నావేంట్రా" అనేది. మీట సగం దిగేసరికే వేలికి తెలిసిపోతుంది, అక్షరం పడిందని. అడుగుదాకా నొక్కక్కర్లేదు.

దీనితో అసలు స్నేహం విండోస్ ఎక్స్‌పీ వచ్చాక కుదిరింది. సీడీ పెట్టి, ఒక టిక్కు పెడితే గౌతమి ఫాంటుతో తెలుగు వచ్చేది. అంతకుముందు డీటీపీ ఫాంటులో కొట్టింది ఇంకో కంప్యూటర్లో పిచ్చిగీతల్లా కనిపించేది కదా, ఆ బాధ పోయింది. పట్టుబట్టి భారతీయ భాషలకోసం చేసిన ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు అమరిక నేర్చుకున్నాను. అందులో డి మీట పొల్లు, అంటే వత్తులు కలిపే గుర్తు (్). అక్క అనాలంటే షిఫ్టుతో డి కొట్టి అ, తర్వాత క, పొల్లు, మళ్ళీ క. అంటే ప్రతి వత్తుకీ డి నొక్కాల్సిందే. ఇంగ్లీషులో కొట్టేవాళ్ళకి అదొక అక్షరం. నాకు తెలుగంతా దాని మీదే నడుస్తుంది.

సరిగ్గా అదే పోయింది. 2016 చలికాలంలో మొదట పొల్లు రెండేసి పడి, అక్షరం పక్కన చుక్కల సున్న వచ్చేది. ఆ తర్వాత అసలు పడటమే మానేసింది, అదీ అప్పుడప్పుడే. పూర్తిగా పోతే ఎవరైనా బాగు చేయిస్తారు. అప్పుడప్పుడు పోయేదాన్ని మనమే భరిస్తాం. మా అన్నయ్య కూతురి పెళ్ళి శుభలేఖ ఆ రోజుల్లోనే రాత్రి పన్నెండింటికి కొట్టి, చూసుకోకుండా పంపేశాను. తెల్లారి ఫోన్. "బాబాయ్, అమమమమ ఎవరు?" అంటోంది. తెరిచి చూస్తే "అమమమమ, తాతయయల ఆశీససులతో". కిందికెళ్తే "పెళళి ముహూరతం". ప్రెస్సుకి వెళ్ళకముందే చూసింది కాబట్టి సరిపోయింది. ఇప్పటికీ మా ఇంట్లో అమ్మమ్మని పిల్లలు అమమమమ అనే పిలుస్తారు.

షాపుకి తీసుకెళ్తే "కొత్తది కొనుక్కోండి, మూడొందల్లో వస్తుంది" అన్నారు. మూడు చోట్లా అదే మాట. చివరికి మా వీధి చివర, పని తగ్గిపోయి కాలక్షేపానికి షట్టరెత్తే టీవీ మెకానిక్ దగ్గర పెట్టాను. "ఇది కంప్యూటర్ పని కాదు సార్, సోల్డరింగ్ పని" అన్నాడు. మీటలన్నీ పీకి బోర్లిస్తే బియ్యపు గింజలు, స్టేపులర్ పిన్ను, ఒక చెవిదిద్దు శీల రాలాయి. ఆ దిద్దు కోసం మా ఆవిడ పనమ్మాయిని అనుమానించింది ఒకప్పుడు. సరే, అది వేరే కథ.

కొత్త స్విచ్చు లేదు. "మీరు ఎప్పుడూ నొక్కని మీట ఏది?" అని అడిగాడు. స్క్రోల్ లాక్ చూపించాను. పదహారేళ్ళలో పదహారు సార్లు కూడా నొక్కి ఉండను. దాని స్విచ్చు ఊడదీసి డి కింద పెట్టాడు, డి ది అక్కడ పెట్టాడు. సోల్డర్ లాగే పంపు, రెండు కాళ్ళు అతికించడం, అరగంట. నూట యాభై తీసుకున్నాడు. ఇంటికొచ్చి అమ్మమ్మ, అమ్మమ్మ అని పేజీ నిండా కొట్టాను.

బండలా గట్టిది అని అందరికీ చెప్పేవాణ్ణి. వెనక కాళ్ళు విరిగి చాలా ఏళ్ళయింది, పాత పంచాంగం మడతపెట్టి ఎత్తుగా ఉంచాను. గుండ్రటి పీఎస్2 పిన్నుకి తగిలించే చవక యూఎస్‌బీ ముక్క పనిచేయలేదు, లోపల చిప్పున్న కన్వర్టర్ వెతికి కొనాల్సొచ్చింది. ఇక నేను మోజుపడ్డ చప్పుడు? రాత్రి పదకొండు దాటితే ముట్టుకోవద్దని మా ఆవిడ ఆర్డరు. కరోనా రోజుల్లో ఆఫీసు మీటింగుల్లో "ఎవరింట్లోనో వడగళ్ళు పడుతున్నాయి" అన్నారు.

మీరు ఫోన్లోనే రాసేవాళ్ళయితే ఇలాంటిది కొనమని చెప్పను. వేరే గది, చెవులు మూసుకోగల ఇల్లాలు, వీధి చివర సోల్డరింగ్ తెలిసిన మనిషి ఉంటే ఆలోచించండి. ఆ మెకానిక్ పోయినేడాది షాపు మూసేసి ఊరెళ్ళిపోయాడు. ఈమధ్య ఎక్స్ మీదున్న సున్న అప్పుడప్పుడు రెండేసి పడుతోంది. పాజ్ మీట ఇంకా కొత్తదిలాగే ఉంది.