క్లోజ్డ్ బ్యాక్ హెడ్‌ఫోన్లు: డీటీ 770 ప్రో నాకెందుకు నచ్చింది, మా బావకెందుకు నచ్చలేదు

ముందే చెప్పేస్తాను. నేను ఉంచుకున్నది బేయర్‌డైనమిక్ డీటీ 770 ప్రో, 80 ఓమ్స్‌ది (ఓమ్స్ అంటే కరెంటుకి అడ్డుపడే నిరోధం, అది ఎక్కువైతే మోగించడం ఫోన్‌కి కష్టం). అలాగని సౌండ్‌లో అదే గొప్ప అనుకోకండి. ఆడియో టెక్నికా ఎం50ఎక్స్ మొదటి పాటకే మనసు లాగేస్తుంది, సోనీ ఎండీఆర్ 7506లో పాడేవాళ్ళ గొంతు ఇంకా దగ్గరగా వినిపిస్తుంది. అయినా వైజాగ్ ఉక్కపోతలో, కళ్ళజోడు తీయకుండా, గంటన్నర పాటు తల మీద ఉందన్న సంగతే మర్చిపోయి పాటలు వినగలిగింది మాత్రం డీటీ 770తోనే.

అసలు క్లోజ్డ్ బ్యాకే ఎందుకంటే, మా ఇంట్లో ఓపెన్ బ్యాక్ కుదరదు. మద్దిలపాలెం వైపు రోడ్డు పక్కన ఇల్లు, ఫ్యాన్ ఎప్పుడూ 5 మీదే, పక్క వాటా వాళ్ళ మిక్సీ సరిగ్గా నేను ఆలాపన వినేటప్పుడే మొదలవుతుంది. క్లోజ్డ్ బ్యాక్‌లో డ్రైవర్, అంటే లోపలి చిన్న స్పీకర్, వెనక భాగం మూసేసి ఉంటుంది కాబట్టి బయటి గోల లోపలికి, మన పాట బయటికి అంతగా పోవు. హారన్లు, మాటలు, కుక్కర్ విజిల్ బాగానే తగ్గుతాయి, కానీ బస్సు ఇంజిన్ గుర్రుమనే మోత, ఫ్యాన్ హోరు లాంటి కింది స్థాయి శబ్దాలు చాలావరకు అలాగే వస్తాయి. అవి పోవాలంటే నాయిస్ క్యాన్సలింగ్ ఉన్నవే కొనుక్కోవాలి. బయటి శబ్దం ఆపడమే ముఖ్యమనుకుంటే సెన్‌హైజర్ హెచ్‌డీ 280 ప్రో ఉంది, 32 డెసిబెల్స్ దాకా తగ్గిస్తుందని కంపెనీ చెబుతుంది, కాకపోతే తలని గట్టిగానే పట్టుకుంటుంది. ఇక ఇలా వెనక మూసేసినందుకు మనం కట్టే మూల్యం ఏంటంటే, కప్పు లోపలే శబ్దం తిరుగుతుంది, పాట చుట్టూ ఉండాల్సిన జాగా తగ్గుతుంది, చాలా మోడళ్ళలో బేస్ కాస్త ఉబ్బుతుంది. డీటీ 770లో ఆ ఇరుకు తక్కువ. ఎం50ఎక్స్‌లో మృదంగం, వయొలిన్ రెండూ ఒకే చాప మీద కూర్చున్నాయా అనిపించింది నాకు.

వాతావరణం సంగతి రివ్యూలు చేసేవాళ్ళు ఎవరూ చెప్పరు, బహుశా ఏసీ స్టూడియోల్లో కూర్చుని చేస్తారేమో. మే నెలలో ఇక్కడ రెక్సిన్ లాంటి ప్యాడ్లు పెట్టుకుంటే పావుగంటలో చెవుల చుట్టూ చెమట, అర్ధగంటకి జిగట. ఇక్కడి తేమకి ఆ పై పొర పొట్టు లేచి నల్లటి రజను బుగ్గలకి అంటుకోవడం హెడ్‌ఫోన్లు వాడే ప్రతి వైజాగ్ వాడికీ తెలిసిందే. నా 80 ఓమ్స్ డీటీ 770కి వెల్వెట్ లాంటి వెలూర్ ప్యాడ్లు వస్తాయి. చెమట పట్టదని కాదు, జిగట ఉండదు, ఊడదీసి మార్చుకోవచ్చు కూడా. దుమ్ము, వెంట్రుకలు మాత్రం తెగ పట్టుకుంటాయి. కళ్ళజోడు ఉన్నవాళ్ళకి ఇంకో లాభం ఉంది. కళ్ళజోడు కాడ దగ్గర ప్యాడ్ పైకి లేచి సందు పడితే, గాలి అక్కడినుంచే పోతుంది, గాలితో పాటు బేసూ పోతుంది. బేస్ లేదని తిట్టేవాళ్ళలో చాలామందికి అసలు గొడవ ఆ సందే అని నా అనుమానం. మెత్తటి వెలూర్ నా కాడల చుట్టూ బాగానే సర్దుకుంది, గట్టి ప్యాడ్లు సర్దుకోలేదు.

ఇక సౌండ్. నేను ఎక్కువగా వినేవి ద్వారం వెంకటస్వామి నాయుడు గారి పాత వయొలిన్ రికార్డింగులు, బాలమురళి గారి కచేరీలు, ఘంటసాల గారి పద్యాలు. ఇవి డీటీ 770లో పెడితే లోపం వెంటనే దొరికిపోతుంది. 8 కిలోహెర్ట్జ్ చుట్టుపక్కల, అంటే సన్నటి పై శబ్దాల దగ్గర, దీనికి ఒక శిఖరం ఉంది, అక్కడి శబ్దాలు మిగతావాటికంటే గట్టిగా వస్తాయి, దానివల్ల పాత రికార్డుల్లో గరగర ముందుకొస్తుంది, పాటలో స, శ వచ్చినప్పుడల్లా తాళింపులో ఆవాలు చిటపటమన్నట్టు చెవిలో పొడుస్తుంది. కొందరికి ఇదే వివరంగా, మెరుస్తున్నట్టు వినిపిస్తుంది. పై శబ్దాలు వయసుతో పాటు మనకి తగ్గిపోతాయి కాబట్టి యాభై దాటినవాళ్ళకి నాకంటే తక్కువ గుచ్చుతుందేమో కూడా. బేస్ మాత్రం నాకు చాలా ఇష్టం, లోతుగా దిగుతుంది. మన ఉత్తరాంధ్ర తీగ వాద్యం జముకు రికార్డింగ్ ఒకటి పెట్టి వినండి, తీగ బిగిస్తూ వదులుతూ ఉంటే ఆ మోత కిందికీ పైకీ జారే తీరు ఇందులో తెలిసినంతగా 7506లో తెలియలేదు. 7506 అంటే 1991 నుంచీ వస్తున్న మోడల్, రికార్డింగ్ పనివాళ్ళు గొంతులో తప్పులు పట్టుకోవడానికి వాడేది, దానికి ఆ పని బాగా వచ్చు. ఘంటసాల గారి పద్యానికి నేనైతే ఇప్పటికీ దానికే ఓటేస్తాను.

మా బావ ఇదంతా కొట్టిపారేశాడు. నాది పెట్టుకుని రెండు డీజే పాటలు విని, "ఏటి బావా ఇది, దరువు ఛాతీకి తగలట్లేదు" అని ఎం50ఎక్స్ కొనుక్కున్నాడు. బావ చెవి చెడ్డదని నేననను. హార్మన్ అనే ఆడియో కంపెనీలో షాన్ ఒలీవ్ అనే పరిశోధకుడి బృందం శ్రోతలతో చేసిన పరీక్షల్లో 64 శాతం మందికి వాళ్ళు తయారుచేసిన టార్గెట్, అంటే బేస్ నుంచి పై శబ్దాల దాకా ఏది ఎంత వినిపించాలో చెప్పే కొలత, నచ్చింది, 15 శాతం అంతకంటే ఎక్కువ బేస్ అడిగారు, 21 శాతం తక్కువ చాలన్నారు. అంటే ఎక్కువమందికి నచ్చే సౌండ్ ఒకటి ఉంది, ఏకేజీ కే371 దాదాపు ఆ టార్గెట్‌కి దగ్గరగా చేసిందే, ఏమీ తెలియకుండా కొనేవాళ్ళకి అది సేఫ్. మా బావ ఆ 15లో మనిషి, నేనేమో రాత్రి ఒకలా, పగలు ఒకలా. వాల్యూమ్ తగ్గేకొద్దీ మన చెవికి బేస్ ఇంకా ఎక్కువగా తగ్గినట్టు వినిపిస్తుందని ఫ్లెచర్, మన్సన్ అనే శాస్త్రవేత్తలు 1933లోనే చూపించారు. రాత్రి అందరూ పడుకున్నాక మెల్లగా వినే నాకు బేస్ కొంచెం ఎక్కువ ఉన్నదే సమంగా ఉంటుంది, అదే పగలు గట్టిగా పెడితే ఎక్కువైపోతుంది. కాబట్టి ఎవరైనా "దీంట్లో బేస్ సరిపోదు" అంటే ఏ వాల్యూమ్‌లో విన్నారో అడగండి.

నేను సౌండ్ కంటే తొడుక్కునే సుఖాన్నే ముందు చూసింది ఎందుకంటే, సౌండ్‌ని తర్వాత సర్దుకోవచ్చు. 8 కిలోహెర్ట్జ్ దగ్గర ఈక్వలైజర్‌లో (ఏ శబ్దం ఎంత రావాలో విడిగా సర్దేది) ఒక నాలుగైదు డెసిబెల్స్ దించేశాను, ఆవాల చిటపట పోయింది. ఫోన్‌లో ఏదో ఒక ఉచిత ఈక్వలైజర్ యాప్ చాలు దీనికి. తలని నొక్కే బిగువునీ, చెమటనీ, కళ్ళజోడు సందునీ దించే యాప్ ఎక్కడా లేదు.

డాబా గార్డెన్స్‌లో ఒక షాపులో ట్రయల్ అడిగితే ఆ కుర్రాడు వాళ్ళ డెమో పాటే వేస్తాడు, అదీ ఫుల్ వాల్యూమ్‌లో, "బేస్ చూడండి సార్, ఎలా వస్తాదో" అంటూ. మీ ఫోనే ఇవ్వండి, మీ పాటే పెట్టండి, కళ్ళజోడు తీయకండి. రెండు హెడ్‌ఫోన్లు పోల్చేటప్పుడు వాల్యూమ్ సమానం చేసుకోండి, ఎందుకంటే కొంచెం గట్టిగా మోగేదే ఎప్పుడూ బాగున్నట్టు అనిపిస్తుంది, ఆ కుర్రాడికీ ఆ సంగతి బాగా తెలుసు.

తిట్టాల్సినవి కూడా ఉన్నాయి. వైరు ఊడదు, 80 ఓమ్స్ దానికి అది 3 మీటర్ల పొడవు, కుర్చీ చక్రం కింద పడుతూనే ఉంటుంది. మడత పడదు. ఎం50ఎక్స్‌కి ఊడే వైర్లు మూడు ఇస్తారు, మడిచి సంచిలో పడేయొచ్చు, గాజువాక బస్సులో వినేవాళ్ళయితే ఆలోచించకుండా అదే తీసుకోండి. ఓమ్స్ గొడవ కూడా చూసుకోవాలి. డీటీ 770 ప్రోలో 32, 80, 250 అని మూడు రకాలున్నాయి, ఫోన్‌కి నేరుగా పెట్టి వినేవాళ్ళు 250 జోలికి వెళ్ళొద్దు. నా 80 ఓమ్స్‌ది ల్యాప్‌టాప్‌లో హాయిగా మోగుతుంది, ఫోన్‌కి చిన్న డాంగిల్ (హెడ్‌ఫోన్ పిన్ను గుచ్చే అడాప్టర్) పెడితే వాల్యూమ్ ముప్పావు దాటాలి, పాత రికార్డింగులకైతే ఇంకాస్త పైకి.